కొంగు చాటు మాట

మా పెద్దవ్వ ముఖాన్ని ఒకప్పుడు బొంబాయిలో అగ్గిపెట్టెల మీద అచ్చు వేసేవాళ్ళట. నేను ఆమెతో రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా చూసింది సగం ముఖమే. ముక్కు కింద నుంచి అంతా కొంగే. అన్నం తినేటప్పుడు కూడా గోడవైపు తిరిగి కూర్చునేది. తొంభై ఏళ్ళ మనిషి, నోట్లో ఒక్క పన్ను లేదు, ఇంకా ఎవరు చూస్తారని ఈ దాపరికం అని నాకు ఒళ్ళు మండేది. ఒకసారి ఆ మాట అనేశాను కూడా. "అలవాటే తల్లీ, ఇంగ పోదు" అంది, కొంగు వెనక నుంచే.

ఆమె మా జేజికి, అంటే మా నాయనను కన్నతల్లికి, తోడబుట్టిన అక్క. సినిమాలకు ఇంకా మాటలు రాని కాలంలో పెద్ద తార. ఒక కరువు ఏట మొగుడు పోతే, ఏడాది నిండిన కూతుర్ని చెల్లెలి ఒడిలో పెట్టి, బళ్ళారి నుంచి వచ్చిన నాటకం కంపెనీ వెంట వెళ్ళిపోయింది. అక్కడి నుంచి బొంబాయి. పదేళ్ళు తిరిగి చూడలేదు. మనియార్డర్లు మాత్రం నెల తప్పకుండా వచ్చేవట. తాడిపత్రిలో మేమున్న ఆ నాపరాళ్ళ ఇల్లు ఆ డబ్బుతో కట్టిందే.

తిరిగి వచ్చిన రోజు ఆమెను జేజి మొగుడు, అంటే మా జేజినాయన, గడప బయటే నిలబెట్టాడు. "దేశమంతా సూసిన మొగం. ఈ ఇంట్లో ఉండాలంటే ఆ మొగం నాకుగానీ, వచ్చే పోయే వాళ్ళకుగానీ అగుపడకూడదు" అన్నాడట. ఆమె అక్కడికక్కడే కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చింది. జేజినాయన చచ్చిపోయి నలభై ఏళ్ళయినా ఆ కొంగు దిగలేదు. ఆమె ముఖం కట్టిన ఇంట్లో ఆమె ముఖానికే చోటు లేకపోయింది. మా జేజినాయన మంచివాడనే అందరూ అంటారు. నేను మాత్రం అనను.

చెల్లెలి ఒడిలో పెట్టి పోయిన ఆ కూతురే మా అత్త. తొంభైల చివర్లో నాకు తాడిపత్రి హైస్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చి ఆ ఇంట్లో చేరేనాటికి జేజి కూడా పోయింది. మిగిలింది తల్లీ కూతుళ్ళే. అత్తకు డెబ్బై దాటాయి, పెద్దవ్వకు తొంభై దగ్గరపడ్డాయి. చిన్నప్పుడే అత్తకు పెళ్ళి చేస్తే, పిలిస్తే పలకదు, ఒళ్ళంతా పొగరు అని ఆర్నెల్లకే పంపేశారట. నేనూ అలాగే అనుకున్నాను. వెనక నుంచి ఎంత పిలిచినా తిరిగేది కాదు. ఎదురుగా నిలబడి అడిగితే టక్కున జవాబు చెప్పేది. "కొంచెం చెముడులే, గట్టిగా చెప్తే వినపడతాది" అనేవాళ్ళు బంధువులు. పదేళ్ళప్పుడు, తల్లి తిరిగి రావడానికి కొద్ది నెలల ముందు, విషజ్వరం వచ్చి చెవులు కొంచెం మందగించాయని మా నాయన చెప్పాడు. బడిలో పిల్లల మీద అరిచీ అరిచీ నా గొంతు ఎటూ పెద్దదే, పలుకు కూడా విడివిడిగా వస్తుంది. అందుకని అత్తకు నాతో బాగా కుదిరింది. "నీ మాటొక్కటే నాకు శుభ్రంగా వినపడేది" అనేది.

మా ఇంటి ఎదురుగా రాళ్ళు కోసే ఫ్యాక్టరీ ఉండేది. పొద్దున ఆరింటికి మిషను మొదలైతే పళ్ళు జిల్లుమనేవి. నేను చెవుల్లో దూది పెట్టుకుని పేపర్లు దిద్దేదాన్ని. అత్త ఆ కిటికీ కిందే కూర్చుని తాపీగా చెనక్కాయలు ఒలుచుకునేది. ఎంత ఓర్పున్న మనిషో అనుకునేదాన్ని నేను, పంతులమ్మను, అంత తెలివి నాది.

తల్లీ కూతుళ్ళకు మాటల్లేవు. పోట్లాట కూడా లేదు. అత్త వేళకు సంగటి వండి పెట్టేది, నీళ్ళు పోసేది, గుడ్డలు ఉతికేది. తల్లిని అమ్మా అని పిలిచింది మాత్రం నేను వినలేదు. "ఆయమ్మ" అనేది. "ఆయమ్మకు మజ్జిగ ఇయ్యి", "ఆయమ్మ నిద్రపోయిందా సూడు". ఒకరోజు సాయంత్రం మిద్దె మీద వడియాలు ఎత్తుతూ నేనే అడిగాను, ఎందుకత్తా అంత పంతం అని. అత్త చాట నిండేదాకా వడియాలు ఎత్తింది.

"పంతం గాదే" అంది చివరికి. "బొంబాయిలో ఆ పదేండ్లు, నేనొకదాన్ని ఈడ ఉండానని ఆయమ్మకు మతికుండెనో లేదో. అదొక్కటి తెలిస్తే సాలు నాకు."

"పోయి అడుగు మరి."

"నేనడిగేదేంది? సెప్పాల్సింది ఆమె. వచ్చిన కాన్నుంచి ఒక్క మాటన్నా మాట్లాడిందా నాతో?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అబద్ధాలాడకత్తా అన్నాను. ఎందుకంటే పెద్దవ్వ మాట్లాడేది. రోజూ మాట్లాడేది. అత్త ఇల్లు ఊడుస్తుంటే, నీళ్ళు తెచ్చి పెడుతుంటే, కొంగు చాటు నుంచి సన్నగా ఏదో ఒకటి అనేది. నడుం నొప్పి తగ్గినాదా తల్లీ. ఎండలో పోవద్దే. నువ్వు తిన్నావా. అత్త చెంబు పెట్టేసి వెళ్ళిపోయేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీ పని అని పెద్దవ్వతో ఎకసెక్కంగా అన్నాను ఒకసారి. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా నోటికి నేనే వాతలు పెట్టుకోవాలనిపిస్తుంది.

ఇద్దరి గొంతులూ ఒక్కటే. బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే లోపల మాట్లాడుతున్నది తల్లో కూతురో నాకు తెలిసేది కాదు. కొంచెం బొంగురు, మాట చివర చిన్న జీర. ఆ సంగతి ఇద్దరికీ ఎప్పుడూ చెప్పలేదు నేను. చెప్పాల్సినంత గొప్ప విషయం అనిపించలేదు.

ఆదివారాలు మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు పెద్దవ్వ నాకు బొంబాయి కథలు చెప్పేది. పన్నెండు సినిమాల్లో వేసిందట. అన్నిట్లోనూ రాజకుమారో, దొంగల రాణో. గుర్రం ఎక్కింది, కత్తి తిప్పింది. ఆమె తొడుక్కున్న జాకెట్టు కుట్టు చూసి బొంబాయి ఆడవాళ్ళు అలాంటివే కుట్టించుకున్నారట. కెమెరా ముందు ఏ భాషలో ఏం మాట్లాడినా ఎవరికీ పట్టేది కాదు. పెదాలు కదిలితే చాలు. హీరో మరాఠీలో ఏదో అనేవాడు, ఈమె మన మాటల్లో నోటికొచ్చింది అనేది.

"ఏడుపు సీన్లు ఎట్ల చేసేదానివి పెద్దవ్వా? కండ్లలో ఏమన్నా పోసేవాళ్ళా?"

"పోసేది లేదు, పాడు లేదు. నాకొక మాట ఉండాది. అది అనుకుంటే సాలు, నీళ్ళు వద్దన్నా వచ్చేవి. డైరెక్టరు సంబరపడేవాడు."

"ఏం మాటది?"

"నీకెందుకులే." కొంగు ఇంకొంచెం పైకి లాక్కుంది.

తర్వాత మాట సినిమాలు వచ్చాయి. మైకు ముందు నిలబెట్టి హిందీలో నాలుగు ముక్కలు చెప్పమన్నారు. "నోరు తెరిస్తినో లేదో, ఆడ ఉన్నోళ్ళంతా నగినారు" అంది. అంతే. పోస్టర్ల మీద అంత పెద్ద ముఖం రెండేళ్ళలో చెరిగిపోయింది. కొన్నాళ్ళు వెనక వరసలో చెలికత్తెగా నిలబడి, ఆ తర్వాత రైలెక్కింది. ఆమె సినిమాల రీళ్ళు కొన్ని గోదాముల్లో తగలబడిపోయాయట, కొన్నిటిని వాటి పూతలో ఉండే వెండి కోసం కరిగించేశారట. ఆ మాట ఆమె మామూలుగానే చెప్పింది.

అత్త కూడా తల్లి సినిమా ఒకటి చూసింది, ఐదేళ్ళ వయసులో. తాడిపత్రికి డేరా సినిమా వస్తే జేజి ఎవరికీ చెప్పకుండా ఎత్తుకుపోయి చూపించిందట. ఆ రోజుల్లో తెర పక్కన ఒకాయన నిలబడి కథంతా చెప్పేవాడు, అందరి మాటలూ ఆయనే పలికేవాడు. "అదిగో మీయమ్మ" అని జేజి చూపించేసరికి తెర మీద ఆమె పెదాలు కదిలాయి, ఆయన 'ప్రాణనాథా' అన్నాడు. "మాయమ్మది మొగోని గొంతు అనుకుంటి చానా రోజులు" అని అత్త చెప్పి నవ్వింది. నేను కూడా పడీ పడీ నవ్వాను. అప్పుడు అది నవ్వులాటే.

ఆ తర్వాతి ఎండాకాలం పెద్దవ్వ మంచం పట్టింది. వానల్లేక యాడికి మండలం పల్లెల్లో బోర్లన్నీ ఎండిపోయిన ఏడు. తాగే నీళ్ళు ట్యాంకరుకు కాసుకుని పట్టుకునేవాళ్ళం. అందులోనే ఒక చెంబు పక్కన పెట్టి అత్త రోజూ తల్లి ఒళ్ళు తుడిచేది. ఒకరోజు మధ్యాహ్నం నేను తలుపు దగ్గర ఉన్నాను. అత్త మంచం మీదికి వంగి తల్లి కాళ్ళు తుడుస్తోంది. పెద్దవ్వ కొంగు వెతుక్కుని నోటి మీదికి లాక్కుంది. ఎంత అలవాటో చూడండి, ప్రాణం పోయేటప్పుడు కూడా. ఆ కొంగు వెనక నుంచి అంది.

"నిన్ను ఇడిసిపెట్టి పోయింది నేనే. తప్పు నాదే. కడుపు కోసం పోతి తల్లీ, నిన్ను మరిసి కాదు. నాకేమీ వద్దు. ఒక్కసారి, ఒక్కసారి అమ్మా అను."

అత్త గుడ్డ పిండి రెండో కాలు తుడవడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు. పెద్దవ్వ కాసేపు ఎదురుచూసి కళ్ళు మూసుకుంది.

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. అత్త చెంబు తీసుకుని పెరట్లోకి పోతుంటే వెనకే పోయి అరిచాను. "మనిషివా నువ్వు? రాతిగుండె నీది! చచ్చిపోతున్న ముసలిది ఒక్క మాట అడిగితే ఇయ్యలేవా?" అత్త తిరగలేదు. తులసి కోట దగ్గర నీళ్ళు పారబోసి, చెంబు బోర్లించి, నన్ను చూసి, "ఏమ్మే, బడికి పోలేదా?" అంది మామూలుగా. ఇంత నటన కూడా వచ్చా నీకు అనుకుని, నెల రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం తర్వాత మూడో రోజే పెద్దవ్వ పోయింది. అత్త ఏడవలేదు. పాడె లేచాక తల్లి పాత చీర కొంగు ముక్క ఒకటి చించి దాచుకుంది, అది కూడా నేను తర్వాత చూశాను.

పెద్దవ్వ గురించి నేను ఒక ఆదివారం పత్రికకు నాలుగు పేజీలు రాసి పంపాను, పాత ఫొటో ఒకటి జతచేసి. అది చేతులు మారి మారి ఎక్కడెక్కడికి పోయిందో, ఐదేళ్ళ తర్వాత బొంబాయి నుంచి ఒక పెద్దమనిషి ఉత్తరం రాశాడు. పాత సినిమా ముక్కలు ఏరి పెట్టుకోవడం ఆయనకు పిచ్చి. ఒక మూతపడ్డ గోదాములో దొరికిన రీలు కొసల్లో మా పెద్దవ్వ ఉందట. పన్నెండు సినిమాలకు మిగిలింది నాలుగు నిమిషాలు. సీడీలో ఎక్కించుకుని తానే తాడిపత్రి వచ్చాడు. మా బడిలో సైన్సు సారు ఇంటి నుంచి సీడీ ప్లేయరు తెచ్చి మా టీవీకి తగిలించాను.

అత్త రానంది. "ఆయమ్మ కులుకులు ఇప్పుడు సూసేదేంది నేను" అని వంటింట్లోకి పోయింది. నేనే రెక్క పట్టుకుని లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను.

బొమ్మ వచ్చింది. తెల్లటి గీతలు, మచ్చలు. వాటి వెనక సముద్రం పక్కన బండ మీద ఒక పిల్ల. అబ్బ, ఆ కళ్ళు! అత్త వయసులో మూడో వంతు కూడా లేదు ఆ తల్లికి. కొంగు లేని ముఖం, నోరు, పెదాలు, గడ్డం, అన్నీ అక్కడ ఉన్నాయి. నేను కూడా ఆమె నోరు చూడడం అదే మొదటిసారి. హీరో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కళ్ళెత్తి తన్మయంగా ఏదో అంది. బొంబాయి ఆయన చేతులు జోడించి, చూడండి ఎంత ప్రేమో అన్నాడు హిందీలో.

అత్త కిసుక్కున నవ్వింది.

"కాళ్ళు కాలతాండాయి, ఎంతసేపప్పా, బిరబిర కానీండి, అంటాంది."

"ఎవరత్తా?"

"ఆయమ్మే. సూడు, మళ్ళా అంటాంది."

ఆ బొమ్మకు శబ్దమే లేదు. రిమోటుతో వెనక్కి తిప్పాను. అత్త తెర మీద పెదాలు కదిలినంతసేపూ తన పెదాలు కలిపి అదే మాట మళ్ళీ చెప్పింది, అక్షరం పొల్లుపోకుండా. నేను ఆయనకు నా వచ్చీ రాని హిందీలో చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళు చూస్తున్నాం, ప్రేమమాటలే అనుకున్నాం అన్నాడు.

తర్వాతి ముక్క చెరసాల. ఊచలు పట్టుకుని రాణి ఏడుస్తోంది. ముఖం తెర నిండా ఉంది. కన్నీళ్ళు చెంపల మీదుగా పెదాల మీదికి కారుతున్నాయి. ఆ పెదాలు కదులుతూనే ఉన్నాయి, అదే మాటను తిప్పి తిప్పి అంటున్నట్టు. అత్త ముందుకు వంగింది. నవ్వు పోయింది. తన పెదాలు కూడా మెల్లగా కదిలాయి.

"పాప" అంది. ఆగింది. "పాప పాలు తాగిందో లేదో. పాప పాలు తాగిందో లేదో."

ఆ ఒక్క మాటే. బొమ్మ చెరిగి తెల్లబడేదాకా ఆ ఒక్క మాటే. ఏడుపు తెప్పించే మాట నాకొకటి ఉండాది అని పెద్దవ్వ అన్నది ఇదే అని నాకు తెలిసి, కొంగు నోట్లో కుక్కుకున్నాను. బొంబాయి ఆయన ఏమీ అడగకుండా వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

అత్త చాలాసేపు ఖాళీ తెరను చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. డెబ్బై ఏళ్ళ కోపమంతా ముఖంలో ఉంది.

"ఇంత మతికుండినామె, వచ్చినంక నాతో ఒక్క మాట ఏంటికి మాట్లాడల్యా? అరవై ఏండ్లకు పైన ఒకే కొంప. ఒక్క మాట! ఏంటికి?"

అప్పుడు తట్టింది నా మొద్దు బుర్రకు. పైట కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఫ్యాక్టరీ మిషను కంటే గట్టిగా, "అత్తా, నీ పేరేంది?" అని అరిచాను. అరుగు మీద ఆయన ఉలిక్కిపడి లోపలికి తొంగి చూశాడు. అత్త విసుగ్గా చెయ్యి ఊపింది.

"కొంగు తీసి మాట్లాడు. నీకూ పట్టిందా ఆయమ్మ రోగం?"

ఆమెకు చెముడు కొంచెం కాదు. పదేళ్ళప్పటి నుంచి ఒక్క చప్పుడు కూడా వినపడలేదు. చెవిటిది అంటారని పట్టుదలగా పెదాలు చూసి నేర్చుకుంది. గట్టిగా మాట్లాడితే వినపడుతోందని మేమనుకున్నాం. గట్టిగా మాట్లాడేటప్పుడు మనం నోరు పెద్దగా తెరుస్తాం, అంతే. ఇంటికి వచ్చిన తల్లి నోటి మీద కొంగు ఉంది. ఆ తల్లి కొంగు వెనక నుంచి అరవై ఏళ్ళకు పైగా మాట్లాడింది. ఈ కూతురు ఎదురుగా నిలబడి, పలకరించని తల్లిని చూసింది. మధ్యలో నేను, రెండు చెవులూ, రెండు కళ్ళూ ఉన్నదాన్ని, అన్నీ విని, అన్నీ చూసి, రాతిగుండె అని తిట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

కిటికీ తలుపులు రెండూ తెరిచాను. ఆమె ఎదురుగా కింద కూర్చుని, వెలుతురు నా ముఖం మీద పడేట్టు చూసుకున్నాను.

"మాట్లాడింది అత్తా. రోజూ మాట్లాడింది. కొంగు చాటున మాట్లాడింది. నీకు అగుపడలేదు."

గుర్తున్నవన్నీ చెప్పాను. నడుం నొప్పి తగ్గినాదా తల్లీ. ఎండలో పోవద్దే. నువ్వు తిన్నావా. ఆ చివరి మధ్యాహ్నం అన్న మాటలు కూడా, ఒక్కొక్కటే, మెల్లగా. కడుపు కోసం పోతి తల్లీ, నిన్ను మరిసి కాదు. అత్త నా పెదాల మీద నుంచి చూపు తిప్పలేదు. అయిపోయాక "ఇంగొకసారి" అంది. చెప్పాను. మళ్ళీ "ఇంగొకసారి" అంది. ఎన్నిసార్లు చెప్పానో నాకు తెలియదు. నా గొంతు పోయింది, అయినా పెదాలతోనే చెప్పాను. ఆమెకు అంతే చాలు కదా.

చివరికి అడిగింది. "ఆయమ్మ గొంతు ఎట్లుండె? ఆ డేరాలో ఆయప్ప మాదిరే ఉండెనా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె బతుకంతా తల్లి గొంతంటే ఆ మగాయన గొంతే. నేను తల అడ్డంగా ఊపాను.

"నీ గొంతే అత్తా. అచ్చం నీ గొంతే."

తన గొంతు ఆమె పదేళ్ళప్పుడు విన్నదే ఆఖరు. చెయ్యెత్తి వేళ్ళు గొంతు మీద ఆనించుకుంది. తర్వాత, బొంగురుగా, చివర చిన్న జీరతో, వేళ్ళ కింద ఆ అదురును తడిమి చూసుకుంటూ, "అమ్మా" అంది.

ఆ పిలుపు కోసం ఎదురుచూసిన మనిషి పోయి అప్పటికి ఐదేళ్ళు.